అర టీఎంసీ వేడి

పొలాలకు కరెంటు మోటార్లు రాకముందు నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో బావుల మీద ఆయిలింజన్లు దుబదుబమంటూ నడిచేవి. పంపు ఎత్తిపోసే నీళ్లలోంచే ఒక సన్నని గొట్టం చీలి ఇంజను ఒంట్లోకి పోయేది. అవతలి పక్క నుంచి అవే నీళ్లు వేడెక్కి, ధారగా కిందపడి, పంటకాలువలో కలిసేవి. చలికాలం తెల్లవారుజామున మడికి నీళ్లు కట్టడానికి పోయినవాళ్లు ఆ ధార కింద చేతులు పెట్టి వెచ్చబెట్టుకునేవారు. ఇంజను తాగిన డీజిల్‌లో నీళ్లు తోడడానికి పనికొచ్చింది మూడో వంతుకు మించదు. మిగతాది వేడి. అందులో పెద్ద వాటాను చిటికెనవేలంత ధార మోసుకుపోయేది. ఆ గొట్టం పూడుకుపోతే ఇంజను అరగంటలో పట్టేసేది.

ఇప్పుడు వేల కోట్ల డాలర్లు పోసి కడుతున్న డేటా సెంటర్ల తలనొప్పి కూడా అదే. కాకపోతే అక్కడ పరిస్థితి ఆయిలింజను కంటే కష్టం. ఇంజనులో మూడో వంతయినా పనిగా మారి బయటికి పోతుంది. కంప్యూటర్ చిప్పులోకి వెళ్లిన కరెంటు మాత్రం లెక్కలు చేసి, బొమ్మలు గీసి, ప్రశ్నలకు జవాబులు చెప్పి, చివరికి దాదాపు మొత్తంగా వేడి అయిపోతుంది. వంద మెగావాట్ల కరెంటు తీసుకునే డేటా సెంటర్, భౌతికశాస్త్రం దృష్టిలో, వంద మెగావాట్ల పొయ్యి. ఆ పొయ్యి రాత్రీ పగలూ ఆరదు.

2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖపట్నంలో కృత్రిమ మేధ కేంద్రం కడతామని ప్రకటించింది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి, గిగావాట్ స్థాయి సామర్థ్యం, భాగస్వాములుగా అదానీకనెక్స్, ఎయిర్‌టెల్. అంతకు రెండు రోజుల ముందే సిఫీ సంస్థ డేటా సెంటర్‌కు, సముద్రగర్భ కేబుళ్లు ఒడ్డుకు చేరే స్టేషన్‌కు అక్కడే శంకుస్థాపన జరిగింది. హైదరాబాద్‌లో మైక్రోసాఫ్ట్, అమెజాన్ల కేంద్రాలు సరేసరి. ఉద్యోగాలెన్ని, భూములెన్ని ఎకరాలు, కరెంటు రాయితీ ఎంత అన్న చర్చ పత్రికల్లో బాగానే నడిచింది. ఒక్క ప్రశ్న మాత్రం మూలన పడింది. గిగావాట్ కరెంటు లోపలికి వెళుతుంది సరే, గిగావాట్ వేడి బయటికి ఎలా పోతుంది?

నంద్యాల దగ్గరి వెలుగోడు జలాశయం కట్ట మీద నిలబడి చూసేవారికి ఈ ప్రశ్న ఇంకాస్త దగ్గరగా తగులుతుంది. ఎందుకో ముందు ముందు లెక్కలో తేలుతుంది.

మొదట, నీళ్లే ఎందుకన్న సంగతి. నిన్నమొన్నటి దాకా సర్వర్లను గాలితోనే చల్లార్చేవారు. పెద్ద హాలు, దానికి ఏసీ, ప్రతి పెట్టెలోనూ గిర్రున తిరిగే ఫ్యాన్లు. ఒక ర్యాక్, అంటే బీరువాలాంటి చట్రంలో పేర్చిన సర్వర్ల దొంతర, పది పదిహేను కిలోవాట్లు తీసుకున్నంత కాలం గాలి సరిపోయింది. 2024 మార్చిలో ఎన్విడియా ప్రకటించిన జీబీ200 ఎన్‌వీఎల్72 అనే ర్యాక్‌తో ఆ రోజులు పోయాయి. 72 గ్రాఫిక్ చిప్పులు ఒకే చట్రంలో ఇమిడిన ఆ ర్యాక్ దాదాపు 120 కిలోవాట్లు తాగుతుంది. ఇంట్లో వాడే ఒకటిన్నర టన్నుల ఏసీలు ఇరవై మూడు కలిసి లాగేసేంత వేడి ఒక్క బీరువాలోంచి వస్తుందన్నమాట.

ఆ వేడిని గాలితో తీయాలంటే సెకనుకు ఎనిమిది ఘనపు మీటర్లకు పైగా గాలిని ఆ బీరువాలోంచి తోయాలి. లోపల తుఫాను గాలి వీచినట్టుంటుంది. అదే పని నీళ్లతో అయితే నిమిషానికి 170 లీటర్లు చాలు. పదకొండు పన్నెండు బిందెలు. ఒకే పరిమాణంలో గాలి కంటే నీరు సుమారు 3,500 రెట్లు ఎక్కువ వేడిని మోస్తుంది. ఏ కూలీ ఎక్కువ బరువు మోస్తాడో తెలిశాక ఇంకొకడిని పిలవడం దండగ.

ఇది కొత్త కనిపెట్టుడేమీ కాదు. 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటర్‌ను కరెంటు ప్రవహించని ద్రవంలో నిలువునా ముంచి నడిపారు. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. సర్వర్‌ను మొత్తంగా ప్రత్యేకమైన నూనెలో ముంచే కేంద్రాలున్నాయి. కానీ మరిగి ఆవిరయ్యే రకం ద్రవాలలో చాలా వాటిని పర్యావరణంలో ఎన్నటికీ కరగని ఫ్లోరిన్ రసాయనాలతో చేస్తారు. ఆ రసాయనాల తయారీని 2025 చివరికల్లా ఆపేస్తామని త్రీఎం కంపెనీ 2022లోనే ప్రకటించడంతో ఆ దారి ఇరుకైంది. ఇప్పుడు ఎక్కువమంది నడుస్తున్న దారి కోల్డ్ ప్లేట్.

కోల్డ్ ప్లేట్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన రాగి పలక. కింది ముఖం అద్దంలా నున్నగా ఉంటుంది, అది చిప్పు వీపుకు అతుక్కుంటుంది. పైకి రెండు చిన్న గొట్టాలు, ఒకటి వచ్చేది, ఒకటి పోయేది. అసలు పనితనమంతా పలక కడుపులో ఉంటుంది. వెంట్రుక మందానికి కాస్త అటూ ఇటూగా, దువ్వెన పళ్లలా చెక్కిన వందల సన్నని రాగి గోడలు. వాటి సందుల్లోంచి నీరు పారుతుంది. నీటికి రాగి తగిలే వైశాల్యం ఎంత పెరిగితే వేడి అంత త్వరగా దిగుతుంది కాబట్టి ఆ చెక్కుడు. అంత సన్నని సందుల్లో ఒక్క ఇసుక రేణువు అడ్డం పడినా, నాచు పట్టినా చిప్పు ఉడికిపోతుంది. అందుకే అక్కడ తిరిగేది మామూలు నీరు కాదు. వడగట్టి, లవణాలు తీసి, నాలుగో వంతు దాకా ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపి, తుప్పు పట్టకుండా మందులు వేసిన నీరు. అది ఆ గొట్టాల్లోనే ఏళ్ల తరబడి తిరుగుతుంటుంది. ఎక్కడికీ పోదు.

కంపెనీలు తమ ప్రకటనల్లో 'క్లోజ్డ్ లూప్' అని చెప్పేది చాలాసార్లు ఈ లోపలి నీటి గురించే. ఇక్కడే పాఠకుడు ఆగి ఆలోచించాలి. లోపలి నీరు బయటికి పోదన్నది నిజమే. అది మోసుకొచ్చిన వేడి మాత్రం బయటికి పోయి తీరాలి. పాల డెయిరీలో కాగిన పాలను చల్లార్చే పలకల యంత్రం చూసినవారికి ఈ సంగతి సులువుగా తెలుస్తుంది. పలచని ఉక్కు పలకల వరస. ఒక పలకకు ఇవతల పాలు, అవతల చల్లని నీళ్లు. రెండూ కలవవు, వేడి ఒక్కటే గోడ దాటుతుంది. డేటా సెంటర్‌లోనూ అంతే. సర్వర్ల నుంచి వచ్చిన నీరు పలకల యంత్రంలో తన వేడిని రెండో నీటికి అప్పగించి వెనక్కి పోతుంది. ఆ రెండో నీరు భవనం దాటి ఆరుబయటికి వస్తుంది. అక్కడ అది ఏం చేస్తుందన్నదే ఊరికి సంబంధించిన విషయం.

ఆరుబయట ఆ వేడిని వదిలించుకోవడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. నీటిని కూలింగ్ టవర్‌లో జల్లుగా కురిపించి కొంత ఆవిరి చేయవచ్చు. కంప్రెసర్ పెట్టిన చిల్లర్‌తో, అంటే పెద్ద ఏసీతో, వేడిని బలవంతంగా బయటి గాలిలోకి నెట్టవచ్చు. లేదా లారీ రేడియేటర్ లాంటిదాన్ని వంద రెట్లు పెద్దది చేసి, ఫ్యాన్లు పెట్టి, గాలి తగిలించి ఊరుకోవచ్చు. ఈ మూడోదాన్ని డ్రై కూలర్ అంటారు. మొదటిది నీళ్లు తింటుంది. రెండోది కరెంటు తింటుంది. మూడోది నీళ్లు తినదు, కరెంటూ కొంచెమే తింటుంది గానీ, బయటి గాలి కంటే నీరు వేడిగా ఉంటేనే పనిచేస్తుంది. వేడి తనంతట తాను ఎప్పుడూ పల్లానికే పారుతుంది.

కూలింగ్ టవర్ అంటే మట్టికుండే. కుండ ఒళ్లు చెమ్మగిల్లుతుంది, ఆ చెమ్మ గాలికి ఆవిరవుతూ లోపలి నీటి వేడిని పట్టుకుపోతుంది. కుండ ఎంత చల్లబడగలదన్నది ఎండను బట్టే కాదు, గాలిలో తేమను బట్టి కూడా ఉంటుంది. మే నెలలో నంద్యాలలో ఎండ 43 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం గాలిలో తేమ ఇరవై శాతం ఉందనుకుందాం. థర్మామీటర్ బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగిలిస్తే అది సుమారు 25 డిగ్రీల దాకా దిగుతుంది. అదే విశాఖలో ఎండ 34 డిగ్రీలే ఉన్నా, తేమ 75 శాతం ఉంటే తడిగుడ్డ థర్మామీటర్ 30 దగ్గరే ఆగిపోతుంది. ఒళ్లు మండే నంద్యాలలో కుండనీళ్లు గొంతు జిల్లుమనిపించడానికి, సముద్రపుగాలి వీచే విశాఖలో అవే కుండనీళ్లు చప్పగా ఉండడానికి కారణం ఇదే. కాబట్టి ఆవిరితో చల్లార్చే విద్య తీరంలో కంటే రాయలసీమలో బాగా పండుతుంది. కానీ సీమలో నీళ్లేవి?

లెక్క ఇక్కడ మొదలవుతుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే యూనిట్‌లో మూడింట రెండు వంతుల వేడి పోతుంది. అంటే ఒక యూనిట్ కరెంటు వేడిని తీయడానికి లీటరున్నర. ఒక మెగావాట్ యంత్రాలు రోజంతా నడిస్తే 24,000 యూనిట్లు, 36,000 లీటర్లు. గిగావాట్‌కు రోజుకు 3.6 కోట్ల లీటర్లు. ఆవిరైన నీరు తన ఉప్పును టవర్‌లోనే వదిలిపోతుంది గనుక, ఆ ఉప్పునీటిని అప్పుడప్పుడు పారబోసి కొత్తనీరు నింపాలి. దాన్నీ కలిపితే రోజుకు 4.5 కోట్ల లీటర్ల దాకా చేరుతుంది. ఏడాది పొడవునా నిండు బరువుతో, పూర్తిగా ఆవిరి మీదే నడిచే ఒక గిగావాట్ కేంద్రానికి అయ్యే నీరు అర టీఎంసీకి పైమాటే.

టీఎంసీ అన్న మాట సీమలో ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు. నల్లమల అంచున గాలేరు మీద కట్టిన వెలుగోడు జలాశయం సామర్థ్యం 16.95 టీఎంసీలు. శ్రీశైలం నీరు పోతిరెడ్డిపాడు దగ్గర తలుపులు దాటి, బనకచర్ల మీదుగా వచ్చి ఇక్కడ నిలుస్తుంది. ఇక్కడి నుంచి తెలుగుగంగ కాలువ నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల మీదుగా బ్రహ్మంసాగర్ వైపు సాగుతుంది. అదే నీరు సోమశిల, కండలేరు దాటి చెన్నై పొలిమేరలో పూండి చెరువు చేరాలని 1983లో ఒప్పందం జరిగింది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా ఐదు టీఎంసీలు తమ వాటాల్లోంచి వదులుకున్నాయి. ఆ నీరు మొదటిసారి పూండి చేరడానికి 1996 దాకా పట్టింది. ఒక టీఎంసీతో పదివేల ఎకరాల ఆరుతడి పంట పండుతుందని వాడుకలో ఉన్న మోటు లెక్క. ఆ ప్రకారం అర టీఎంసీ అంటే ఐదు వేల ఎకరాల జొన్నో, శనగో, పత్తో.

అలాగని వెలుగోడు పక్కన ఎవరో గిగావాట్ డేటా సెంటర్ కడుతున్నారని కాదు. అయితే ఈ ప్రాంతం అలాంటి పరిశ్రమ చూపు పడని చోటేమీ కాదు. గడివేముల, ఓర్వకల్లు మండలాల్లో గని, శకునాల గ్రామాల దగ్గర వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. పాణ్యం మండలం పిన్నాపురంలో గ్రీన్‌కో సంస్థ 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు చేపట్టింది. పగలు ఎండ కరెంటుతో నీటిని కొండ మీదికి ఎత్తి, రాత్రి కిందికి వదిలి మళ్లీ కరెంటు తీసే పథకమది. కరెంటు ఉన్నచోటికి డేటా సెంటర్లు నడిచొస్తాయి. వచ్చేనాటికి నీటి లెక్క చేతిలో ఉంటే మంచిది.

నీళ్లు వద్దనుకుంటే చిల్లర్లు పెట్టుకోవచ్చు కదా అంటే, పెట్టుకోవచ్చు. గాలితో చల్లబడే చిల్లర్ 43 డిగ్రీల ఎండలో ఒక యూనిట్ కరెంటు తిని మూడు, మహా అయితే నాలుగు యూనిట్ల వేడిని బయటికి తోస్తుంది. గిగావాట్ వేడికి పావు గిగావాట్ పైనే అదనపు కరెంటు. ఆ కరెంటు బొగ్గు కేంద్రం నుంచి వస్తే అక్కడా కూలింగ్ టవర్లే ఉంటాయి. మన దేశంలో బొగ్గు కేంద్రాలకు యూనిట్‌కు మూడున్నర లీటర్ల పరిమితిని 2015లో పెట్టారు. అంటే డేటా సెంటర్ దగ్గర మిగిలిందనుకున్న నీటిలో సగం దాకా వంద కిలోమీటర్ల అవతల మరో గోపురం మీదుగా ఆకాశంలోకి పోతుంది. పొదుపు చేశామని చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, నది దృష్టిలో ఆ పొదుపు సగమే.

ఈ చిక్కుముడిని విప్పే కిటుకు ఒకటుంది. అది వినడానికి తలకిందులుగా అనిపిస్తుంది. సర్వర్లకు చల్లని నీరు కాదు, వేడి నీరు పంపాలి.

చిప్పు 80 డిగ్రీల దాకా నిక్షేపంగా పనిచేస్తుంది. దాన్ని 20 డిగ్రీల నీటితో చల్లార్చడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. గాలితో చల్లార్చే రోజుల్లో ఆ బ్రహ్మాస్త్రం తప్పనిసరి, ఎందుకంటే గాలి చేతగాని కూలీ. కోల్డ్ ప్లేట్‌లో నీరు చిప్పుకు వెంట్రుకవాసి దూరంలో పారుతుంది కాబట్టి 45 డిగ్రీల నీరు కూడా దానికి చల్లనిదే. స్నానానికి కాచుకున్న నీళ్లంత వేడి. సర్వర్లోంచి అది 55 డిగ్రీలై బయటికొస్తుంది. 38 డిగ్రీల ఎండ కూడా ఆ నీటికి చలిగాలి లాంటిదే. ఇక కంప్రెసర్ అక్కర్లేదు, ఆవిరి అక్కర్లేదు, ఫ్యాన్ తిప్పితే చాలు.

ఊహ కాదిది. ఐబీఎం, జూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయం కలిసి 2010లో ఆక్వాసార్ అనే యంత్రాన్ని 60 డిగ్రీల నీటితో చల్లార్చి చూపించాయి. ఆ వేడితో విశ్వవిద్యాలయ భవనాలనూ వెచ్చబరిచారు. 2012లో మ్యూనిక్ దగ్గర గార్చింగ్‌లో సూపర్‌మ్యూక్ సూపర్ కంప్యూటర్ అదే దారిలో నడిచింది. మైక్రోసాఫ్ట్ చల్లార్చడానికి నీటిని ఆవిరి చేయని నమూనాను 2024లో ప్రకటించి, ఒక్కో కేంద్రంలో ఏడాదికి 12.5 కోట్ల లీటర్లకు పైగా మిగులుతుందని చెప్పింది. 2026 జనవరిలో ఎన్విడియా తన తర్వాతి తరం వేరా రూబిన్ యంత్రాలకు 45 డిగ్రీల నీరు సరిపోతుందని, చిల్లర్ల అవసరం ఉండదని చెప్పడంతో ఈ మాట ప్రయోగశాల గడప దాటి బజారుకొచ్చింది.

మళ్లీ మన ఊళ్లకు వద్దాం. డ్రై కూలర్ నీటిని బయటి గాలి కంటే ఆరేడు డిగ్రీలు ఎక్కువ వేడి దగ్గరే వదిలేస్తుంది, అంతకన్నా చల్లబరచలేదు. అంటే 45 డిగ్రీల నీరు కావాలంటే గాలి 38 లోపుండాలి. విశాఖలో ఏడాదిలో చాలా భాగం అలాగే ఉంటుంది. అక్కడి తేమ ఆవిరి పద్ధతికి శత్రువు, డ్రై కూలర్‌కు మాత్రం ఏ అడ్డమూ కాదు. తీరంలో కట్టేవారికి నీటిని ఆవిరి చేయాల్సిన అవసరం ఇక్కడ తగ్గిపోతుంది. నంద్యాలలో మాత్రం మార్చి చివరి నుంచి జూన్ మొదటి దాకా మధ్యాహ్నాలు ఆ గీత దాటుతాయి. ఆ కొద్ది గంటల కోసం డ్రై కూలర్ ముందు తడి మెత్తలు పెడతారు. వేసవిలో కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లడం లాంటిదే. పొడి గాలి కాబట్టి 43 డిగ్రీల వడగాలి తడి మెత్త దాటేసరికి 30 దరిదాపుల్లోకి వస్తుంది. రాత్రి కాగానే నీళ్లు కట్టేయొచ్చు, చలికాలమంతా మెత్తలు పొడిగానే ఉంటాయి. ఏడాది పొడవునా ఆవిరి చేయడానికీ, వేసవి మధ్యాహ్నాల్లో మాత్రమే తడపడానికీ నీటి ఖర్చులో ఉన్న తేడా చాలా పెద్దది. సీమలో కడితే ఇలా కట్టాలి, ఇంకోలా కట్టడానికి అనుమతి ఇవ్వకూడదు.

విశాఖకు ఇంకొక పెద్ద మేలు ఉంది, సముద్రం. పరవాడ దగ్గర ఎన్టీపీసీ వారి సింహాద్రి కేంద్రం 2,000 మెగావాట్ల కరెంటు తీస్తుంది, అంతకంటే ఎక్కువ వేడిని వదులుతుంది. దాని కూలింగ్ టవర్లలో తిరిగేది బంగాళాఖాతం నీరు. 165 మీటర్ల ఎత్తున్న ఆ గోపురాలు అటు వెళ్లే దారిలో దూరం నుంచే కనిపిస్తాయి. గిగావాట్ల వేడిని మంచినీటి బొట్టు ముట్టకుండా చల్లార్చే ఇంజనీరింగ్ ఈ తీరానికి ఇరవై ఏళ్లకు పైగా తెలిసిన విద్యే. గూగుల్‌కు కూడా ఉప్పునీరు కొత్త కాదు. ఫిన్లాండ్‌లోని హమీనాలో పాత కాగితం మిల్లును కొని, దాని సొరంగంలోంచి సముద్రపునీరు తెచ్చుకుని 2011 నుంచి డేటా సెంటర్ నడుపుతోంది. వేడెక్కిన నీటిని నేరుగా వదలకుండా తాజా సముద్రపునీటితో కలిపి చల్లార్చి పంపుతారు. బాల్టిక్ సముద్రం చల్లనిది, మనది 28, 30 డిగ్రీలుంటుంది, ఆ లెక్క ఇక్కడ చెల్లదని కొందరంటారు. 20 డిగ్రీల నీరు కావాలనుకుంటే చెల్లదు. 45 డిగ్రీల నీరు చాలనుకుంటే బంగాళాఖాతం కూడా చల్లని సముద్రమే. ఉప్పుకు తట్టుకునే టైటానియం పలకలకు ఖర్చవుతుంది, చేపపిల్లలు గొట్టాల్లో పడకుండా, తీరం దగ్గర నీరు వేడెక్కకుండా జాగ్రత్త పడాలి. జాలర్ల బతుకు ముడిపడిన సంగతి కాబట్టి ఆ జాగ్రత్త ప్రాజెక్టు నివేదికలో మొదటి పేజీలో ఉండాలి.

మరి కాలువ? ఆయిలింజను చేసినట్టు వేడిని పారే నీటికే అప్పగిస్తే? వెయ్యి క్యూసెక్కులు పారుతున్న కాలువలో వంద మెగావాట్ల వేడి కలిపినా నీరు ఒక్క డిగ్రీ కూడా వేడెక్కదు. లెక్క ఎంత ముచ్చటగా ఉందో! కానీ తెలుగుగంగ కాలువ శ్రీశైలం నిండితే పారుతుంది, నిండకపోతే ఎండుతుంది. సర్వర్లకు సరిగ్గా ఎండాకాలంలోనే నీళ్ల అవసరం ఎక్కువ, కాలువ సరిగ్గా అప్పుడే ఖాళీ. పైగా వెచ్చబడిన నీటిలో కొంత దారిలో అదనంగా ఆవిరవుతుంది, మిగిలిన నీరు ఊళ్ల దాహం తీర్చేది. కాలువ పారే నెలల్లో తోడుగా వాడుకోవచ్చేమో గానీ, దాన్ని నమ్ముకుని కట్టలేం.

ఇంత వేడిని ఊరికే పారబోయడమెందుకు, దీంతో మళ్లీ కరెంటు తీయొచ్చు కదా అన్న ప్రశ్న ప్రతి సభలోనూ వస్తుంది. 50 డిగ్రీల నీటి నుంచి 30 డిగ్రీల గాలిలోకి వేడి దిగేటప్పుడు ప్రకృతి అనుమతించే గరిష్ఠ వాటా ఆరు శాతం. ఏ యంత్రమూ అంత తీయలేదు, సగం తీస్తే గొప్ప. యంత్రం ఖరీదు కూడా రాదు.

వేడిని వేడిగానే వాడుకోవాలి. యూరప్‌లో ఆ పని జరుగుతోంది. డెన్మార్క్‌లోని ఓడెన్సే పట్టణంలో మెటా డేటా సెంటర్ వేడి ఇళ్లకు చేరుతుంది. 2024 ఒలింపిక్స్ ఈతకొలనుకు ప్యారిస్ శివారులోని ఈక్వినిక్స్ డేటా సెంటర్ వేడి అందించింది. మన ఇళ్లు వెచ్చబడాల్సిన అవసరం లేదు, ఆ పని సూర్యుడు చూసుకుంటున్నాడు. అయితే నంద్యాల విత్తనాల ఊరు. విత్తనం ఆరబెట్టే గాలి 43 డిగ్రీలు దాటకూడదు, దాటితే మొలక దెబ్బతింటుంది. సర్వర్ల నుంచి వచ్చే 50 డిగ్రీల నీరు సరిగ్గా ఆ గాలిని తయారుచేస్తుంది, మాడ్చే భయం లేకుండా. నవంబరు, డిసెంబరు వానల్లో రోడ్ల మీద వడ్లూ, మొక్కజొన్నా ఆరబోసి, మబ్బు పట్టగానే పట్టాలు కప్పుకుంటూ పరుగులు తీసే రైతును చూసినవారికి దీని విలువ తెలుస్తుంది. ఇరవై శాతం తేమ ఉన్న టన్ను వడ్లను పద్నాలుగుకు దించాలంటే 70 కిలోల నీరు పోవాలి. ఒక మెగావాట్ వేడితో, లెక్క ప్రకారం, గంటకు పది టన్నుల దాకా ఆరబెట్టొచ్చు. నిజంలో సగమే అందినా అది ఊరికి చాలు.

వేడి నుంచి చల్లదనం తీసే యంత్రాలూ ఉన్నాయి. నీటి ఆవిరిని పీల్చుకునే పొడి పదార్థాలతో పనిచేసే ఇలాంటి చిల్లర్లను గార్చింగ్ కేంద్రంలో వాడారు. వాటికి 50 డిగ్రీలు దాటిన నీరు కావాలి, ఇంకా వేడైతే ఇంకా మేలు. సర్వర్ నీరు ఏటేటా వేడెక్కుతున్న కొద్దీ మిర్చి, పసుపు నిల్వచేసే కోల్డ్ స్టోరేజీ పక్కనే చిన్న డేటా సెంటర్ పెట్టే రోజు దగ్గరవుతుంది. గిగావాట్ కేంద్రానికి మాత్రం ఇవన్నీ చాలవు. అంత వేడిని వాడుకునేంత వడ్లు ఏ జిల్లాలోనూ ఒకచోట చేరవు. అయిదు, పది మెగావాట్ల కేంద్రాలకే ఈ లెక్క కుదురుతుంది.

తప్పనిసరై నీటిని ఆవిరి చేయాల్సివస్తే ఏ నీటిని అన్నదానికి జవాబు తెలుగుగంగ చివర ఉంది. వెలుగోడు దాటిన నీటిని తాగే చెన్నై, తన మురుగునీటిని శుద్ధిచేసి, రివర్స్ ఆస్మోసిస్ పొరల్లో వడగట్టి పరిశ్రమలకు అమ్ముతోంది. కొడుంగయ్యూర్, కోయంబేడు కేంద్రాలు ఒక్కోటి రోజుకు 4.5 కోట్ల లీటర్లు తయారుచేసేలా 2019లో మొదలయ్యాయి. ఒకదాని నీరు మనలి పరిశ్రమలకు, మరొకదాని నీరు శ్రీపెరుంబుదూరు వైపు కర్మాగారాలకు పోతుంది. పైన వేసిన లెక్కలో గిగావాట్ కేంద్రం రోజు ఖర్చు కూడా 4.5 కోట్ల లీటర్లే. అంటే ఒక నగరం వాడి వదిలేసిన నీటితో ఒక గిగావాట్ పొయ్యి చల్లారుతుంది. విశాఖ, హైదరాబాద్ నగరాలు రోజూ వదిలే మురుగు అంతకంటే చాలా ఎక్కువ.

మీ జిల్లాలో డేటా సెంటర్ మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే వెళ్లండి. ఉద్యోగాల సంఖ్య అడగండి, భూమి ధర అడగండి. వాటితో పాటు, సర్వర్లలోకి వెళ్లే నీరు ఎన్ని డిగ్రీలో అడగండి. 'క్లోజ్డ్ లూప్' అని జవాబొస్తే, లోపలి నీటి సంగతి కాదు, బయటి నీరు మే నెలలో రోజుకు ఎన్ని లీటర్లు ఆవిరవుతుందో, అది ఏ కాలువదో కాగితం మీద రాసివ్వమనండి.